గీత ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి

పావురం చిన్నమెదడులోని నాడీకణాల బొమ్మ ఒకటుంది. 1899లో మాడ్రిడ్‌లో గీసినది. కాగితం మీద పెన్సిలు, ఆ పైన నల్ల సిరా. ఇంతకు మించి సరంజామా లేదు. బొమ్మలో ముందుగా కంటబడేవి రెండు పెద్ద కణాలు. వాటిని పుర్కింజే కణాలంటారు. ఒక్కోదానికీ ఉబ్బెత్తుగా ఒక కణదేహం, దాని నుంచి పైకి లేచిన లావాటి కాండం, అది చీలి, చీలినది మళ్ళీ చీలి, కంటికి ఆనని సన్నదనం దాకా వెళ్ళిన శాఖలు. కిందికి మాత్రం ఒకే ఒక్క సన్నని పోగు దిగుతుంది. అది ఆక్సాన్. అన్ని వందల చీలికల్లో చెయ్యి ఎక్కడా తొట్రుపడలేదు. లావు గీత సన్నగీతగా మారే చోట అతుకు కనపడదు.

ఆ చెయ్యి సాంతియాగో రామోన్ ఇ కహాల్‌ది. 1852లో స్పెయిన్‌లోని ఒక కొండ పల్లెలో పుట్టి, 1906లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొని, 1934లో కన్నుమూసిన శాస్త్రవేత్త. మెదడు విడివిడి కణాల నిర్మాణమని నిలబెట్టినవాడు. పదో తరగతి జీవశాస్త్రంలో మన పిల్లలు గీసి భాగాలు గుర్తించే నాడీకణం బొమ్మ వెనుక ఈయన శ్రమ చాలా ఉంది. ఆయన వేసిన బొమ్మలు దాదాపు 2,900 మాడ్రిడ్‌లో భద్రంగా ఉన్నాయి. 2017లో యునెస్కో ఆ భాండారాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

కహాల్ ముందు శాస్త్రం ముగించి, తర్వాత బొమ్మ మొదలుపెట్టినవాడు కాదు. ఆయన పరిశోధన గీతలోనే జరిగింది. గీత ఎంతదాకా సాగాలి, ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయమే ఆయన సిద్ధాంతం. అందుకే ఈ బొమ్మల్ని అందం కోసం ఒకసారి, విజ్ఞానం కోసం ఒకసారి విడిగా చూడటం కుదరదు.

చిన్నప్పుడు ఆయనకు చిత్రకారుడు కావాలని ఒకటే పట్టు. తండ్రి హుస్తో వైద్యుడు, మొండిమనిషి. ఊరి చర్చి గోడలకు సున్నం వేసి అలంకరించడానికి వచ్చిన ఒక పనివాడికి కొడుకు వేసిన బొమ్మ చూపించి అభిప్రాయం అడిగాడట. పనికిరాదని తేల్చాడా పనివాడు. దాంతో రంగులు మూలపడ్డాయి. కొన్నాళ్ళు మంగలి దుకాణంలో, కొన్నాళ్ళు చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి పెట్టారు. చివరికి తండ్రే దారి కనిపెట్టాడు. శ్మశానం నుంచి తెచ్చిన ఎముకలు ముందు పెట్టి శరీరనిర్మాణం నేర్పితే, కుర్రాడు ఒక్కో ఎముకనూ గీస్తూ నేర్చుకున్నాడు. చూసింది చూసినట్టు గీయగలిగితేనే అర్థమైనట్టు లెక్క అనే అలవాటు అక్కడే పడిందని నాకనిపిస్తుంది. తర్వాత జరగొస్సా నగరంలో కొడుకు వేసిన శరీరనిర్మాణ చిత్రాలను అట్లాసుగా అచ్చు వేయించాలని ఆ తండ్రే ఉబలాటపడ్డాడు. అంత మంచి ముద్రణ ఆ ఊళ్ళో దొరకక అది ఆగిపోయింది.

ఇక అసలు పనిలోకి వద్దాం. మెదడు ముక్కను మామూలుగా పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, రంగులేని పోగుల చిక్కుముడి తప్ప ఏదీ తెలియదు. ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గోల్జీ 1873లో ఒక ఉపాయం ప్రకటించాడు. కణజాలాన్ని పొటాషియం డైక్రోమేట్‌లో గట్టిపరచి, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో ఉంచితే, వేల కణాల్లో ఏవో కొన్ని మాత్రమే మొదలు నుంచి కొస దాకా నల్లబడతాయి. మిగతాదంతా పసుపచ్చని పారదర్శకం. కహాల్ 1887లో మాడ్రిడ్‌లో వైద్యుడు లూయిస్ సిమార్రో దగ్గర ఈ పద్ధతిలో తయారైన గాజు పలకలు చూసి నిలువునా కదిలిపోయాడు. ఆ ఏడే బార్సిలోనాలో ఆచార్యుడిగా చేరి రాత్రింబవళ్ళు అదే పని పెట్టుకున్నాడు.

ఆ పద్ధతికి ఆయన చేర్చిన మెరుగులు రెండు. వెండి ముంపును ఒకసారితో ఆపక మళ్ళీ చేశాడు. అంతకంటే ముఖ్యం, పెరిగిన జంతువుల మెదడు వదిలి పిండాలనూ అప్పుడే పుట్టిన కూనలనూ ఎంచుకున్నాడు. పెద్దవాటిలో ఆక్సాన్ చుట్టూ మయలిన్ తొడుగు ఉంటుంది, వెండి దాన్ని దాటి సరిగా పట్టదు. పిండంలో ఆ తొడుగు ఇంకా ఏర్పడదు, పోగు కొస దాకా కనిపిస్తుంది. చిత్రకారుడు వెలుతురు సరిగా పడే కోణం వెతుక్కున్నట్టే ఇదీ.

మరి ఫొటో తీస్తే సరిపోయేది కదా అనిపించవచ్చు. కహాల్ ఫొటోగ్రఫీలో ఆరితేరినవాడు. జరగొస్సాలో ఉండగా ఫొటో పలకలకు పూసే మందును ఇంట్లోనే తయారు చేసుకున్నాడు. 1912లో రంగుల ఫొటోగ్రఫీ మీద పుస్తకమే రాశాడు. అంతటివాడు నాడీకణాల దగ్గరికి వచ్చేసరికి కెమెరా పక్కన పెట్టి నిబ్బు పట్టుకోవడానికి గట్టి కారణముంది. గోల్జీ పద్ధతిలో కోతలు మందంగా ఉండాలి, లేకపోతే కణం శాఖలు తెగిపోతాయి. మందంగా ఉన్నప్పుడు ఒక శాఖ స్పష్టంగా కనిపిస్తుంటే దాని కిందిది మసకబారుతుంది. కెమెరాకు ఏదో ఒక తలమే చిక్కుతుంది. మనిషి మాత్రం మైక్రోస్కోపు మర మెల్లగా తిప్పుతూ, లోతులోకి దిగుతూ పైకి వస్తూ, కణం మొత్తాన్ని మనసులో కూడగట్టుకోగలడు.

కహాల్ చేసిందదే. పలక మీది ఆకారాన్ని కాగితం మీదికి దింపే కెమెరా లూసిడా అనే సాధనం ఆయనకు తెలుసు, వాడాడు కూడా. కానీ చాలా బొమ్మలు పలకలు గంటల తరబడి చూసి, జ్ఞాపకం నుంచి గీసి, తిరిగి పలకతో సరిపోల్చుకున్నవి. ముందు పెన్సిలు, ఆ మీద సిరా, కొన్నిటికి పల్చటి నీటిరంగు, తప్పిన చోట తెల్లరంగు దిద్దుబాటు. ఎన్నో పలకల్లో విడివిడిగా నల్లబడిన కణాలను ఒకే కాగితం మీదికి చేర్చి, వాటి సహజమైన పొరల్లో నిలబెట్టేవాడు. కంటి రెటీనా బొమ్మ చూడండి. కాంతిని పట్టే కణాల నుంచి మెదడుకు పోయే నాడి దాకా అన్ని పొరలూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అలాంటి ఒక్క పలక ఎవరికీ ఏనాడూ దొరకదు.

ఇది కల్పన కాదా అని అడిగినవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన చిత్రకారుల చేత కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోనూ పూతా కాయా విప్పిన భాగాలూ ఒకే కాగితం మీద ఉంటాయి. శాస్త్ర చిత్రం ఎప్పుడూ ఏరి కూర్చేదే. అయితే అక్కడ మొక్క గురించి తెలిసినవాడు ఒకడు, చెయ్యి మరొకరిది. కహాల్ దగ్గర ఆ రెండింటి మధ్యా ఎడం లేదు. దేన్ని ఉంచాలో దేన్ని వదలాలో గీస్తున్నవాడికే తెలుసు. తప్పు జరిగితే బాధ్యతా అతనిదే.

ఈ పనితనానికి అతి పెద్ద పరీక్ష గీత చివరలో ఎదురైంది. నాడీతంతువులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన అవిచ్ఛిన్నమైన వల అని గోల్జీ నమ్మాడు. గోల్జీ కూడా చెయ్యి తిరిగిన చిత్రకారుడే, పద్ధతీ ఆయనదే. అదే వెండి నలుపును చూసి కహాల్ వేరే బొమ్మ గీశాడు. పక్షుల చిన్నమెదడులో కొన్ని కణాల ఆక్సాన్లు పుర్కింజే కణదేహాన్ని బుట్టలా చుట్టి, అందులోకి చొరబడకుండా అక్కడే ముగిసిపోతాయి. మరికొన్ని తంతువులు పందిరి గుంజను పట్టుకున్న కాకరతీగలా పుర్కింజే శాఖల వెంట ఎగబాకుతాయి. ఎంత దగ్గరైనా దేనికదే. 1888లో సొంత ఖర్చుతో 60 ప్రతులు వేయించిన పత్రికలో ఈ సంగతి ప్రకటించాడు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. మరుసటి ఏడాది పలకలు వెంట పెట్టుకొని బెర్లిన్‌లో శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుల సభకు వెళ్ళి, వచ్చీరాని ఫ్రెంచిలో మాట్లాడుతూ ఒక్కొక్కరికీ మైక్రోస్కోపులో చూపించాడు. జర్మనీ పెద్ద ఆచార్యుడు కోలికర్ చూసి ఆయన పక్షానికి వచ్చేశాడు. నోబెల్ మాత్రం 1906లో గోల్జీకీ కహాల్‌కీ కలిపే ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గోల్జీ తన ఉపన్యాసంలో విడివిడి నాడీకణాల సిద్ధాంతాన్ని ఖండించాడు.

రెండు కణాల మధ్య ఎడం సుమారు 20 నానోమీటర్లని 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తెలిసింది. కహాల్ మైక్రోస్కోపుకు అంత సన్నని ఖాళీని విడదీసి చూపే శక్తే లేదు. కంటికి కనపడని చోట గీత ఆపాలని ఆయనకు చెప్పినది ఆ ఒక్క చోటు కాదు, వందల చివరల సాక్ష్యం.

శాఖల అంచున ముళ్ళలా పొడుచుకొచ్చే సన్నని భాగాల విషయంలోనూ ఇదే పట్టుదల. అవి వెండి మరకలని చాలామంది బొమ్మల్లోంచి తీసేసేవారు. కహాల్ వాటిని ఒక్కొక్కటిగా గీశాడు. తర్వాత వెండితో సంబంధం లేని మిథిలీన్ బ్లూ రంగు వేసి, అందులోనూ అవి ఉన్నాయని చూపించాడు. జ్ఞాపకం గురించి ఇవాళ జరిగే పరిశోధనలో ఎంతో భాగం ఆ ముళ్ళ చుట్టూనే తిరుగుతోంది.

ఆయన బొమ్మల్లో చిన్న చిన్న బాణాలుంటాయి, సంకేతం ఎటు పోతుందో చూపడానికి. ఒక్క కణంలో విద్యుత్తును కొలిచే సాధనం అప్పటికి లేదు. రెటీనాలో కాంతి ఎటు నుంచి వస్తుందో, ముక్కులో వాసన ఎక్కడ తగులుతుందో తెలుసు కనుక, డెండ్రైట్లనే శాఖలు సంకేతం వచ్చే వైపుకు, ఆక్సాన్ అది వెళ్ళే వైపుకు ఉన్నాయని గమనించాడు. అక్కడి నుంచి మిగతా మెదడంతటికీ దారి గీశాడు. నాకైతే ఈ బాణాలంత ధైర్యమైన గీతలు మరెక్కడా కనపడలేదు.

1890లో కోడి పిండం వెన్నుపాములో మరొకటి పట్టుకున్నాడు. ఇంకా గమ్యం చేరని ఆక్సాన్ కొసన, అంచుల్లో సన్నని పోగులతో ఒక చిన్న ఉబ్బు. చచ్చి గట్టిపడి నల్లబడిన కణజాలమది, అందులో కదలిక ఏమీ లేదు. అయినా అది అడ్డు తోసుకుంటూ ముందుకు పోయే సజీవమైన మొన అని రాశాడు, అలాగే గీశాడు. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి తీసిన నాడీ కణజాలాన్ని లింఫ్ చుక్కలో బతికించి, తంతువు సాగుతూ పెరగడం మైక్రోస్కోపులో కళ్ళారా చూశాడు. దాని కొసన కదులుతున్నది కహాల్ పదిహేడేళ్ళ కిందట గీసిన ఆకారమే.