తెనాలి రచయితల పాఠాలు: ‘ఉచితం’, ‘స్వేచ్ఛ’ల మధ్య తెలుగు పరిశోధన

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, కాపీహక్కు, క్రియేటివ్ కామన్స్, యూనికోడ్, త్రిపురనేని, కొడవటిగంటి.

1. ఉపోద్ఘాతం:

ఆంగ్లంలో ‘ఫ్రీ’ అనే పదం వెల లేకపోవడాన్నీ, నిర్బంధం లేకపోవడాన్నీ కూడా సూచిస్తుంది. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఈ సందిగ్ధతను పదేపదే వివరించవలసి వచ్చింది. తెలుగులో ఆ చిక్కు లేదు. ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. అయినప్పటికీ తెలుగు సాహిత్య పరిశోధనలో ఈ రెండూ తరచుగా ఒకటిగానే చెలామణి అవుతున్నాయి. అంతర్జాలంలో దొరికిన పుస్తకం అందరిదీ అనే భావన ఇందుకు నిదర్శనం. ఈ భావనలోని లోపాన్ని తెనాలి రచయితల పాఠాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నాలుగు స్వేచ్ఛలు:

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్వచనం నాలుగు స్వేచ్ఛలను పేర్కొంటుంది. ఏ ప్రయోజనానికైనా వాడుకోవడం, నిర్మాణాన్ని అధ్యయనం చేసి మార్చుకోవడం, ప్రతులను పంచడం, మార్చిన ప్రతులనూ పంచడం. సాహిత్యపాఠానికి అన్వయిస్తే ఇవే పరిష్కర్త, నిఘంటుకారుడు, అనువాదకుడు చేసే పనులు. చదవడానికి మాత్రమే అందే పాఠంతో ఈ పనులు పూర్తిగా సాగవు.

3. ఇద్దరు రచయితలు – రెండు స్థితులు:

వడ్లమూడిలోని విజ్ఞాన్ విశ్వవిద్యాలయానికి తెనాలి సమీప పట్టణం. అక్కడి పరిశోధకులొకరు తెనాలి రచయితల రచనలతో యంత్రం చదవగల పాఠసంచయాన్ని నిర్మించదలచారనుకుందాం. 1957 నాటి భారత కాపీహక్కు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు నిలిచివుంటుంది. తెనాలిలో సూతాశ్రమం నిర్మించుకున్న త్రిపురనేని రామస్వామి 1943లో మరణించారు. కనుక ఆయన జీవితకాలంలో వెలువడిన ‘సూతపురాణం’ వంటి రచనలు 2004 నుంచి అందరివీ అయ్యాయి. తెనాలిలోనే జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు 1980లో మరణించారు. ఆయన రచనలపై హక్కు 2040 చివరివరకు ఉంటుంది. ‘చందమామ’లో పేరు లేకుండా వెలువడిన కథల విషయంలో హక్కు రచయితదా, ప్రచురణ సంస్థదా అనే ప్రశ్న అదనంగా ఎదురవుతుంది.

పరిశోధన, విమర్శల కోసం న్యాయమైన మేరకు ఉటంకించడానికి చట్టంలోని 52వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. కాని మొత్తం పాఠాన్ని పునఃప్రచురించడానికి ఆ వెసులుబాటు చాలదు. కుటుంబరావు కథ పీడీఎఫ్ రూపంలో ఉచితంగా దొరకవచ్చు. అంతమాత్రాన అది స్వేచ్ఛాపాఠం కాదు.

4. లిపి అనే తాళం:

త్రిపురనేని రచనలకు చట్టపరమైన అడ్డు లేదు. అయినా అవి పుటల చిత్రాలుగా మాత్రమే దొరికినచోట ఒక్క పదాన్నైనా వెతకలేం. యూనికోడ్ తొలి ప్రమాణం నుంచే, అంటే 1991 నుంచే, తెలుగుకు అందులో స్థానం ఉంది. అయినా ముద్రణరంగంలో అను వంటి యూనికోడేతర ఫాంట్లు స్థిరపడ్డాయి. వాటితో కూర్చిన పాఠాన్ని మార్పిడి చేయకుండా అంతర్జాలంలో వెతకడం సాధ్యం కాదు. దీనికి భిన్నంగా పోతన, వేమన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడి డెబియన్ వంటి నిర్వహణవ్యవస్థల్లో చేరాయి. తెలుగు వికీసోర్సులో ఔత్సాహికులు పుటచిత్రాన్ని పక్కన ఉంచుకొని అక్షరాలను దిద్దుతున్నారు. ఈ శ్రమ పాఠపరిష్కరణలో భాగమే. సాహిత్యవిమర్శ దానిని ఇంకా తగినంతగా గుర్తించలేదు.

5. ఒక అభ్యంతరం:

స్వేచ్ఛా లైసెన్సు రచయిత కుటుంబానికి రావలసిన ఆదాయాన్ని హరిస్తుందనే అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. అందుకే అది హక్కుదారు ఇష్టపూర్వకంగా ఇవ్వవలసిన అనుమతి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో రచయిత పేరు పేర్కొనడం తప్పనిసరి. వాణిజ్య వినియోగాన్ని నిషేధించే రకమూ ఉంది. అయితే వాణిజ్య వినియోగాన్ని అనుమతించని పాఠాన్ని వికీసోర్సు స్వీకరించదు. ఎంపికకు ముందు ఈ పరిణామం తెలిసివుండాలి.

జీవనోపాధికి సంబంధించిన ఈ వాదన ప్రజాధనంతో సాగిన పరిశోధనకు అదే బలంతో వర్తించదు. ఉపకారవేతనంతో రాసిన సిద్ధాంతగ్రంథం శోధగంగలో చేరినా, పాఠం చిత్రరూపంలో ఉంటే తరువాతి పరిశోధకులు అదే పనిని మొదటినుంచి చేయవలసివస్తుంది.

6. ముగింపు:

త్రిపురనేని పాఠాలకు చట్టం ఇచ్చిన స్వేచ్ఛను సాంకేతికత పూర్తిచేయాలి. కుటుంబరావు పాఠాల విషయంలో హక్కుదారుల అనుమతి కోరాలి. నేటి పరిశోధకుల రచనలకు ఈ రెండు అడ్డంకులూ ఆదిలోనే తొలగించవచ్చు. యూనికోడ్‌లో కూర్చడం, లైసెన్సు పేరును మొదటి పుటలోనే స్పష్టంగా ముద్రించడం అందుకు మార్గాలు. లైసెన్సు ప్రకటించని వ్యాసం ఉచితంగా అందినా, దానిపై సర్వహక్కులూ చట్టరీత్యా రక్షితమై ఉంటాయి. తెలుగు పరిశోధన పత్రికలు ఈ తేడాను తమ ప్రచురణ నియమాల్లో చేర్చడం తక్షణావసరం.