బోర్డును బతికించే చేతులు
చందానగర్‌లో ముంబై హైవే పక్కన మొబైల్ రిపేరు షాపులకు కొదవ లేదు. గ్లాసు మార్చడం, బ్యాటరీ వేయడం చాలామందికి వచ్చు. వానలో తడిసి చచ్చిన ఫోన్‌లోంచి పెళ్లి ఫొటోలు బయటికి తీయడం మాత్రం ఏ కొద్దిమందికో చేతనవుతుంది. నా మెప్పు వాళ్లకే.

ఫోన్ బియ్యం డబ్బాలో నాలుగు రోజులుంచి తెచ్చామంటే వాళ్లకు ఒళ్లు మండుతుంది. బియ్యం చేసే మేలేమీ లేదు, ఈలోగా బోర్డుకు తుప్పు పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్షు పెట్టి కడిగి మైక్రోస్కోపు కింద పెడతారు. షార్టు పట్టుకోవడం చూసి తీరాల్సిందే: బోర్డుకు రోజిన్ పొగ పట్టించి, కొంచెంగా కరెంటు ఇస్తారు. తెల్లటి పూత ఎక్కడ ముందు కరిగితే అక్కడే రోగం. ఆవగింజకన్నా చిన్న కెపాసిటర్! హాట్ ఎయిర్‌తో దాన్ని లేపేస్తే ఫోన్ ఆన్ అవుతుంది, ఒక్కోసారి.

మెమరీ చిప్ పీకి వేరే ఫోన్‌కు వేస్తే పోలా? ఆ రోజులు పోయాయి. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చాక చాలా ఫోన్లలో డేటాకు తాళం పడింది. తాళంచెవి ప్రాసెసర్ దగ్గరుంటుంది. కాబట్టి కాపీ అయ్యేంతసేపైనా పాత బోర్డునే నిలబెట్టాలి. పాస్‌వర్డ్ మర్చిపోయి వస్తే మాత్రం వాళ్లూ చేతులెత్తేస్తారు.