చూసేవాళ్ళ లెక్కలో మనమెక్కడ?

ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి ‘గిరిజన గ్రామం’ అని వెతికి చూడండి. చాలా వీడియోలు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ముందు ఘాట్ రోడ్డు, తర్వాత రాళ్ళ దారి, బండి దిగి రొప్పుతూ నడిచే యువకుడు. ఇక్కడివాళ్ళకు బయటి లోకమే తెలియదని అతని ఆశ్చర్యం. ఊళ్ళోకి వెళ్ళగానే కెమెరా పొయ్యి మీదికి, పచ్చబొట్ల మీదికి, ముక్కుపుడకల మీదికి పోతుంది. ఒక అవ్వ తన భాషలో ఏదో చెబుతుంది. ఆమె మాటల మీద పాట వేస్తారు కాబట్టి ఏం చెప్పిందో వినిపించదు. చివర్లో, ఎంత అమాయకులో అని ఒక మెచ్చుకోలు.

కథనూ నవలనూ విమర్శించినట్టే ఈ వీడియోలనూ విమర్శించాలని మేం అనుకుంటున్నాం. ఆదివాసీ అంటే ఎవరో మైదాన ప్రాంతపు పిల్లలు ఇప్పుడు తెలుసుకుంటున్నది వీటిలోనే. మన పిల్లలు తమ ముఖం తాము చూసుకుంటున్నదీ వీటిలోనే.

ఊరికి రోడ్డు లేకపోవడం అన్యాయం. వీడియోలో అది సాహసయాత్ర అవుతుంది. ఒక్కరోజు నడిచి వచ్చినవాడు వీరుడు. ప్రతివారం అదే దారిన సంతకు నడిచే మనిషి అతని వెనకాల కనిపించే కొండలాంటిది. రోడ్డు ఎందుకు వేయలేదన్న ప్రశ్న రాదు. ఆదిలాబాద్ గోండుల దండారినే తీసుకోండి. దీపావళి రోజుల్లో ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరికి అతిథులుగా వెళ్ళే పండుగ అది. గుస్సాడీ వేషం కట్టినవాళ్ళు ఆ దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. నిమిషం వీడియోలో నెమలి పింఛాల టోపీ మాత్రమే మిగులుతుంది. దీక్ష పోతుంది, ఊరికీ ఊరికీ ఉన్న బంధం పోతుంది.

తీసినవాణ్ణి తిట్టి ఊరుకుంటే సరిపోదు. అందరూ ఒకేలా ఎందుకు తీస్తున్నారని అడగాలి. తీసేవాడు ఒక లెక్కను చూసుకుంటూ తీస్తాడు. ఆ లెక్క ఎలా నడుస్తుందో మన యువతకూ టీచర్లకూ తెలియాలి.

మొదట్లో యూట్యూబ్ ఒక వీడియోను ఎంతమంది నొక్కారో ప్రధానంగా చూసేది. దాంతో లోపల ఒకటి, పైన బొమ్మ మరొకటి పెట్టి నొక్కించేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకని 2012లో నొక్కిన లెక్క కన్నా, ఎంతసేపు చూశారన్న లెక్కకు ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ సంస్థ ఇంజనీర్లు 2016లో ప్రచురించిన పరిశోధన పత్రంలో పని జరిగే తీరు వివరించారు. లక్షల వీడియోల్లోంచి ముందు కొన్ని వందలను ఏరతారు. మనం ఇంతకుముందు చూసినవాటిని బట్టి, మనలాంటి అలవాట్లున్నవాళ్ళు చూసినవాటిని బట్టి ఈ ఏరివేత సాగుతుంది. ఆ తర్వాత, మనం దేన్ని ఎంతసేపు చూస్తామో అంచనా వేసి వరస పెడతారు. యూట్యూబ్‌లో జనం గడిపే సమయంలో 70 శాతానికి పైగా ఈ సిఫారసుల వల్లేనని ఆ సంస్థ ఉన్నతాధికారి నీల్ మోహన్ 2018లో చెప్పారు. అంటే మనం వెతుక్కుని చూసేది తక్కువ, ముందుకు తోస్తే చూసేది ఎక్కువ.

2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. ఆ సెప్టెంబరులోనే యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడ మొదలయ్యాయి. అందులో నొక్కే పని కూడా లేదు. వేలితో తోసేశామా, ఆగి చూశామా అన్నదే లెక్క. ఆగాలంటే మొదటి క్షణంలోనే వింత కనిపించాలి. మన అవ్వ పచ్చబొట్టు ఆ వింతకు పనికొచ్చింది.

తాము గంటలను మాత్రమే లెక్కపెట్టడం లేదని యూట్యూబ్ అంటుంది. నిజమే. లైకులు, డిస్‌లైకులు, షేర్లు కూడా చూస్తారు. వీడియో ఎలా ఉందని కొందరు ప్రేక్షకులను అడిగి, ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు వేయమంటారు. ఇంత చేసినా అడిగేది చూసినవాళ్ళనే. చూపబడినవాళ్ళను అడగరు. ఆ అవ్వకు ఎన్ని నక్షత్రాలు వేయాలని ఉందో చెప్పే చోటు ఆ లెక్కలో లేదు. మా అసలు అభ్యంతరం ఇదే.

ఈ లెక్క ఎక్కడిదాకా పోతుందో అండమాన్ జరావాల విషయంలో చూశాం. తిండి ఆశచూపి జరావా స్త్రీలను నాట్యం చేయించిన వీడియో 2012లో బయటపడి దేశమంతా సిగ్గుపడింది. వాళ్ళను ఫొటో తీయడం చట్టప్రకారం నేరం. అయినా అలాంటి వీడియోలు ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉన్నాయని 2017లో జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ తీవ్ర అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. తమను ఎంతమంది చూశారో జరావాలకు తెలియనే తెలియదు. మనకు తెలుసు, మన చేతిలో ఫోన్ ఉంది. అందుకే మన బాధ్యత ఎక్కువ.

మన భాషల సంగతి చూడండి. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్లకు పైగా, గోండి మాట్లాడేవాళ్ళు సుమారు 29 లక్షలు, కోయ మాట్లాడేవాళ్ళు 4 లక్షల పైచిలుకు. గోండి మాట్లాడేవాళ్ళు నాలుగైదు రాష్ట్రాల్లో, వేర్వేరు యాసల్లో చెదిరి ఉన్నారు. మన భాషలో తీసిన వీడియోకు చూసేవాళ్ళు తక్కువ. తక్కువమంది చూశారు కాబట్టి తక్కువమందికే చూపిస్తారు. తీసిన పిల్లవాడు విసుగెత్తి రెండో వీడియో తెలుగులో తీస్తాడు, మూడో వీడియోకు ‘వింత ఆచారం’ అని పేరు పెడతాడు. ఈ తప్పు మన పిల్లలూ చేస్తున్నారు, దాచుకోవడం ఎందుకు?

అయితే ఇదే లెక్క మనకు ఉపయోగపడ్డ సందర్భాలూ ఉన్నాయి. నెలలు నిండిన తల్లిని డోలీలో మోసుకెళ్తుంటే మన కుర్రాళ్ళు తీసిన వీడియోలు పత్రికలదాకా, అధికారులదాకా వెళ్ళాయి. అక్కడ కెమెరా పట్టుకున్నవాడూ డోలీ మోసేవాడూ ఒకే ఊరివాళ్ళు. ఊరి పేరు చెప్పారు, ఏం కావాలో చెప్పారు. చూపేవాడికీ చూపబడేవాడికీ మధ్య ఉన్న బంధమే మేం కోరే కొలబద్ద.

మరి మనం ఏం చేయాలి? ముందుగా, అవమానించే వీడియో కింద కోపంతో కామెంటు పెట్టడం, “చూడండి ఎలా తీశాడో” అని పది గ్రూపులకు పంపడం మానుకుందాం. కోపంగా చూసినా చూసినట్టే లెక్క. మొజిల్లా సంస్థ 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం డిస్‌లైక్ నొక్కినా అలాంటి సిఫారసులు 12 శాతమే తగ్గాయి. ‘ఆసక్తి లేదు’ నొక్కితే 11 శాతం. ‘ఈ ఛానెల్‌ను సిఫారసు చేయవద్దు’ అన్నది మాత్రం 43 శాతం తగ్గించింది. కాబట్టి ఆ మూడోదాన్ని వాడుదాం. అది మన ఫోన్‌కే పనిచేస్తుందని గుర్తుంచుకుని, మరీ హద్దు మీరినవాటిపై ఫిర్యాదు చేద్దాం.

రెండోది, మన భాషలో మనవాళ్ళు తీసిన పాటను, కథను, పండుగను పేరుతో వెతికి చివరిదాకా చూద్దాం. సగంలో తోసేస్తే అదీ లెక్కకు వస్తుంది. నచ్చితే ఆ భాషలోనే రెండు మాటలు రాద్దాం.

మూడోది టీచర్లకు. ఆశ్రమ పాఠశాలలో ఒక పీరియడ్ కేటాయించి, ఊరి గురించిన ఒక వీడియోను పిల్లలతో కలిసి చూడండి. కెమెరా ఎవరి చేతిలో ఉంది? ఎవరి పేరు చెప్పారు, ఎవరి పేరు చెప్పలేదు? అవ్వ ఏమంది? అని అడగండి. ఆమె భాష వచ్చిన పిల్లలు తరగతిలోనే ఉంటారు. పాట కింద ఆమె మాటలు వినబడితే వాళ్ళే తర్జుమా చేస్తారు. వినబడకపోతే ఊరికి వెళ్ళి ఆమెనే అడిగి వస్తారు.

యంత్రం అడగని ప్రశ్న ఆ పిల్లలు అడగాలి: “అవ్వా, నిన్ను ఇలా చూపించడం నీకు ఇష్టమేనా?” ఆమె చెప్పిన జవాబును రాసుకుని రావాలి. ఆదివాసీ దృశ్యం మీద విమర్శ అక్కడే మొదలవుతుంది.