టేకిటీజీ యెవరి పాలసీ?

1994లో వచ్చిన 'ప్రేమికుడు' సినిమాలోని 'ఊర్వశి' పాట తెలియని తెలుగువాళ్లు తక్కువ. శంకర్ తీసిన తమిళ 'కాదలన్'కి అది డబ్బింగు. తమిళంలో వైరముత్తు రాసిన పాటని రాజశ్రీ తెలుగు చేశారు. బాణీ రెహమాన్‌ది, ఆట ప్రభుదేవాది. ఆ పాటలో వొక ఇంగ్లీషు నుడికారం మళ్లీ మళ్లీ వస్తుంది: 'టేకిటీజీ'. దాని తోకకి 'పాలసీ' అని తగిలించారు. ఇంగ్లీషువాళ్లు అట్లా అనరు. మేం యిక్కడ మాట్లాడదల్చుకున్నది యీ తోక గురించే.

సినిమా పాటలో రెండు మాటల మీద దళిత పత్రికలో యింత చర్చ అవసరమా అని కొందరు మిత్రులు అడగొచ్చు. ఆ పాట మన పేటల్లోకి, మన హాస్టళ్లలోకి వచ్చి ముప్పయ్యేళ్లు దాటింది. మన పిల్లల నోట నిలిచిన మాటకి మనం అర్థం చెప్పుకోకపోతే, మన తరఫున యింకెవరో చెప్పేస్తారు. యిప్పటికే చెప్పారు కూడా.

మొదట చెప్పినవాళ్లు పండితులు. యిది సంకర భాష అన్నారు. 'సంకరం' అనే తిట్టు యెక్కడిది? గీత మొదటి అధ్యాయంలోనే అర్జునుడిని పట్టుకున్న భయం వర్ణసంకరం. కులాలు కలవకూడదన్న కట్టడే భాషలు కలవకూడదన్న కట్టడిగా బడిలోకి వచ్చింది. సంస్కృతం కలిస్తే దాన్ని మణిప్రవాళం అని మెచ్చుకున్న నోళ్లే, ఇంగ్లీషు కలిస్తే సంకరం అంటున్నాయి. యీ వాదంతో మనకి పనిలేదు. రెండోది అభ్యుదయవాదుల మాట. 1991 తర్వాత వచ్చిన మార్కెట్ సంస్కృతి కుర్రాళ్లని బాధ్యత లేనివాళ్లుగా చేస్తోందని, యీ పాట దానికి గుర్తని వాళ్లన్నారు. యిందులో కొంత నిజం వుంది. కానీ 'కుర్రాళ్లు' అనగానే అందరూ వొకటే అయిపోరు. టేకిటీజీ అని యెవరు యెవరితో అంటున్నారు? రెండు పక్షాలూ యీ ప్రశ్న వెయ్యలేదు.

మాటని విప్పి చూద్దాం. ఇంగ్లీషులో యిది యెదుటివాడితో చెప్పే మాట. కంగారుపడకు, మనసుకి పట్టించుకోకు అని వోదార్చే మాట. తెలుగులో మనకి వున్నవి 'పోనీలే', 'వదిలెయ్', 'సర్దుకో'. మన మాటలన్నీ పోగొట్టుకోమంటాయి, వదులుకోమంటాయి. ఇంగ్లీషు మాట తీసుకోమంటుంది. అందుకే మనవాళ్లు 'టేకిటీజీగా తీసుకోరా' అని రెండుసార్లు తీసుకోమంటారు. వ్యాకరణం తెలిసినవాళ్లు నవ్వొచ్చు గానీ, ఆ తీసుకోవడంలో వొక ఆశ వుంది.

యిక 'పాలసీ'. డెల్టా వూళ్లలో పాలసీ అంటే ముందు గుర్తొచ్చేది ఎల్‌ఐసీ. ఆ తర్వాత గవర్నమెంటు పాలసీ. 'ఊర్వశి' వచ్చేనాటికి కొత్త ఆర్థిక పాలసీ వచ్చి మూడేళ్లు. పనిలేని కుర్రాడి కబురుకి ప్రభుత్వపు బరువు తగిలించడంలోనే యీ పాట హాస్యం వుంది. ఆ హాస్యం బాగుంది, మేమూ నవ్వాం. అయితే తోక తగలగానే మాట స్వభావం మారింది. అప్పటికప్పుడు చెప్పే వోదార్పు యిప్పుడొక నియమం అయింది, బీమా అయింది. బీమా వున్నవాడే నష్టాన్ని తేలిగ్గా తీసుకోగలడు. ప్రీమియం యెవరు కట్టారన్నది పాటలో వుండదు.

పాటలో లెక్కపెట్టిన నష్టాలు చూడండి. టీవీలో పాటల కార్యక్రమం వచ్చేవేళకి కరెంటు పోవడం. బాగా చదివినా పరీక్ష తప్పడం. పనీపాటా లేకుండా తింటున్నావని తండ్రి తిట్టడం. అన్నిటికీ వొకటే మందు. యిదే జాబితాని పల్లెలోనో గూడెంలోనో నిలబడి చదివితే? టీవీ వున్న యిల్లు ఆనాడు యెన్ని? పరీక్ష తప్పితే స్కాలర్‌షిప్పు ఆగుతుంది, హాస్టల్లో సీటు పోతుంది, తిరిగి ఆసామి పొలానికే దారి. కొడుకుని కూర్చోబెట్టి తిట్టే తండ్రికి ముందు కొడుకుని కూర్చోబెట్టే స్తోమతు వుండాలి. పాటలోని కుర్రాడికి కులం పేరు లేదు. కానీ వాడి నష్టాలకి కులం వుంది.

యింకో సంగతి. పరీక్ష తప్పినా, వుద్యోగం రాకపోయినా తేలిగ్గా తీసుకోవడమే ఆ కుర్రాడి పాలసీ అయితే, 1990 ఆగస్టు 7న వి.పి. సింగ్ ప్రభుత్వం మండల్ సిఫార్సుల అమలుని ప్రకటించినప్పుడు దేశమంతటా కాలేజీల ముందు జరిగిందేమిటి? బీసీలకి 27 శాతం అనగానే బస్సులు తగలబడ్డాయి. యెవరి పాలసీ అయినా యెక్కడ ఆగుతుందో అక్కడ దాని అసలు రూపం తెలుస్తుంది. తమ నష్టం తమ యింట్లోనే వున్నంతవరకే టేకిటీజీ. వాటా అడిగేవాడు గుమ్మంలోకి వస్తే యేదీ యీజీ కాదు.

యిప్పుడు యీ పాట మోగిన థియేటర్ల సంగతి. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువ నీళ్లతో పండిన పంటలో మిగులు భూమి వున్నవాళ్లకే చేరింది. ఆ డబ్బు తర్వాత్తర్వాత రైసు మిల్లుల్లోకి, సినిమా హాళ్లలోకి, గాంధీనగర్ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లోకి ప్రవహించింది. ఊర్వశి పేరుతోనే థియేటరు వున్న వూరు బెజవాడ. హాలు యెవరిదైనా, లోపల నేలా బెంచీ కుర్చీ బాల్కనీ అని తరగతులున్నా, సీటు యిచ్చేది టికెట్టు. గుడిలో, హోటల్లో, పంచాయతీ అరుగు మీద దొరకని వొక వెసులుబాటు చీకట్లో మూడు గంటలు దొరుకుతుంది. కాళ్లు చాపుకుని నింపాదిగా కూర్చోవచ్చు.

కూర్చోవచ్చా? కృష్ణా పశ్చిమ డెల్టాలో, తెనాలికి దగ్గర్లో వుంది చుండూరు. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. 1991 జులై మొదట్లో సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు వొక అగ్రకుల యువకుడికి తగిలింది. గొడవ పెరిగింది. దళితుల్ని పనుల్లోంచి వెలివేశారు. ఆగస్టు 6న యెనిమిది మంది దళితుల్ని పొలాల్లోకి తరిమి చంపారు. కొన్ని శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కాలు తగలడం అనే సంగతిని తేలిగ్గా తీసుకోలేకపోయిన నేల యిది. మూడేళ్లకి అదే డెల్టా హాళ్లలో టేకిటీజీ పాలసీ అంటూ అందరూ యీలలు వేశారు. మనవాళ్లూ వేశారు.

మనవాళ్లు యెందుకు వేశారు? మోసపోయారని మేం అనుకోవడం లేదు. పాటలోని కుర్రాడికి నింపాది పుట్టుకతో వచ్చింది, వాడు చిన్న చిన్న నష్టాల్ని దులుపుకుంటున్నాడు. మన కుర్రాడికి ఆ నింపాదే దొరకలేదు. వాడు ప్రభుదేవా వొంటిని చూశాడు. యెముకలు లేనట్టు, యెవరి ముందూ వొంగి నిలబడాల్సిన పని లేనట్టు కదిలే వొంటిని చూశాడు. ఆసామి యెదురైతే సైకిల్ దిగాల్సి వచ్చిన తండ్రి కొడుకు 'టేకిటీజీ' అంటూ సైకిల్ దిగకుండా పోతే, ఆ మాటకి అర్థం సర్దుకుపోవడం కాదు. తీసుకోవడం. ఇంగ్లీషు మాటని తమిళం వొకసారి తిప్పితే, మన పేట రెండోసారి తిప్పింది.

అట్లాగని మనల్ని మనం మెచ్చుకుని వూరుకోలేం. యీ పాటని మన కుర్రాళ్లు కూడా ఆడపిల్లల వెంటపడి పాడారు. బస్టాండులో ఆ పాట వినాల్సి వచ్చిన మన అక్కచెల్లెళ్లకి అది తేలికైన పాట కాదు. వొకరి నింపాదికి యింకొకరు ఖర్చు పెట్టుకోవాల్సి వస్తే అది పాత పాలసీయే.

యీ పాలసీ రాజ్యానికీ వుంది. చుండూరు కేసులో, ఆ వూళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న యిరవై వొక్క మందికి యావజ్జీవం, ముప్పయి అయిదు మందికి యేడాది జైలు వేసింది. 2014 యేప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. పదహారేళ్లు తీర్పు కోసం, మరో యేడేళ్లు అప్పీలు కోసం యెదురుచూసిన కుటుంబాలతో వూరి పెద్దలు అన్నదీ, అంటున్నదీ వొకటే. అయిందేదో అయింది, రాజీపడండి, సర్దుకోండి. నష్టపోయినవాడి చేత కట్టించే ప్రీమియం యిది.

టేకిటీజీ పాతబడింది. యిప్పుడు కుర్రాళ్లు 'లైట్ తీస్కో' అంటున్నారు. యీ మాటా ఇంగ్లీషువాడికి అర్థం కాదు, మనకి అవుతుంది. టీచర్లు క్లాసులో దీన్ని తప్పని కొట్టెయ్యకుండా, యెవరు యెవరితో యే సందర్భంలో అన్నారో పిల్లల చేత రాయించి చూడమని మా మనవి. వోదార్చడానికి అన్నారా, నోరు మూయించడానికి అన్నారా? రెంటికీ మాట వొకటే. అన్నవాడు యెక్కడ కూర్చుని అన్నాడో, విన్నవాడు యెక్కడ నిలబడి విన్నాడో చూస్తే తేడా తెలుస్తుంది.