ముల్కీ నిబంధన - మన కథ చదవని కాగితం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల యువ రచయితలు ముల్కీ సమస్యపై రాసిన కొన్ని కథలు ఈ మధ్య చదివాను. ఆవేదన నిజమైనదే. వాటిలో ఉద్యమం ఉంది, నినాదం ఉంది. నిబంధన మాత్రం లేదు. వస్తువును ఎంచుకున్న రచయిత దాని మూలాన్ని చూడకపోవడం చిన్న లోపం కాదు.

1919 నాటి ఆ నిబంధనలు ఏమన్నాయి? నిజాం ప్రత్యేక అనుమతి లేనిదే ముల్కీ కానివాడికి సర్కారు నౌకరీ లేదు. బయటినుంచి వచ్చినవాడు ముల్కీ కావాలంటే 15 ఏళ్లు స్థిరనివాసం ఉండాలి. పైగా, వెనుకటి ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ధ్రువీకరించిన ప్రమాణపత్రం కావాలి. ముల్కీ భార్య ముల్కీయే. స్థానికుడి రక్షణకని పెట్టిన తలుపుకు తాళంచెవి ప్రభువు చేతిలోనే ఉందన్నమాట!

ఈ రక్షణ అమలు కాలేదన్న ఆగ్రహమే 1952లో విద్యార్థులను వీధుల్లోకి తెచ్చింది. 1969లో పాల్వంచ థర్మల్ కేంద్రం ఉద్యోగాల దగ్గర మళ్లీ రాజుకుంది. ఆ ఆగ్రహం న్యాయమైనది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు నిబంధనలు చెల్లుతాయన్నది; కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో పార్లమెంటు వాటిని రద్దు చేసింది.

చరిత్ర ఇంతవరకు మన కథకులకు తెలుసు. తెలియనిది దాని వర్గ స్వభావం. సాగర్ ఎడమ కాలువ కింద భూమి కొన్నవాణ్ణి ఆ నిబంధన 'నీదే ముల్క్?' అని అడగలేదు. బస్తా మోసినవాణ్ణీ అడగలేదు. అడిగింది సర్కారు కొలువు కోరినవాణ్ణే. మన కథలూ అక్కడే ఆగిపోయాయి. స్థానికుడు మంచివాడు, వలస వచ్చినవాడు దుర్మార్గుడు అన్న విభజనలో భూస్వామీ కూలీ ఒకే గుంపులో కలిసిపోయారు.

ఈ తప్పు నేనూ చేశాను. కోదాడలో పాఠం చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి తన తాత మీద కథ తెచ్చాడు. కృష్ణ అవతలి ఊరిని మరిచానని సంతకం పెట్టి, చివరిదాకా ఆ ఊరి చెరువునే కలవరించిన మనిషి కథ అది. 'సమస్యకు దూరంగా ఉంది' అని రాసి తిప్పి ఇచ్చాను. సమస్య గుండెకాయ అదేనని ఇప్పుడు తెలుస్తున్నది. ఆ అబ్బాయి మళ్లీ కథ రాయలేదు.

మిర్యాలగూడ మిల్లుల్లో ఇవాళ బీహారు హమాలీలు బస్తాలెత్తుతున్నారు. వాళ్లను 'గైర్ ముల్కీ' అనడం సులువు. మన హమాలీ భుజం పక్కన వాళ్ల భుజాన్నీ చూడగలిగిన కథకుడే అభ్యుదయ రచయిత.