నల్లజాతి ప్రేక్షకుల చలనచిత్రములు: ఏకరూపతా విచారము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నల్లజాతి ప్రేక్షకుల నుద్దేశించి నిర్మింపబడిన చలనచిత్రములను గూర్చి ఒక ఆక్షేపణ చిరకాలముగా వినవచ్చుచున్నది. అవి అన్నియు ఒకే అచ్చున పోసినట్లుండునని దాని సారాంశము. పేటలలోని ముఠా తగవులు, తుపాకులు, మత్తుమందులు. కాదేని బానిసత్వపు యాతన. కాదేని చర్చి, పెండ్లి, నోరుగల పెద్దమ్మ చుట్టును తిరుగు హాస్యము. ఈ రెండు మూడు మూసలు దాటి కథ సాగదని చెప్పుదురు. ఆక్షేపించువారిలో పలువురు ఆ ప్రేక్షకులే యగుటచే దీనిని త్రోసివేయుటకు వీలులేదు. అయినను ‘వైవిధ్యము లేదు’ అను మాటకు రెండర్థములు కలవు. భిన్నమైన కృతులు పుట్టలేదనుట ఒకటి. పుట్టినవి ప్రేక్షకుని చేరలేదనుట మరియొకటి. ఈ రెంటిని వేరుపరుపని విమర్శ కర్తలను నిందించుటతో ముగియుచున్నది. మా పరిశీలనలో రెండవదియే సత్యమునకు దగ్గరగా నున్నది.

1915లో వెలువడిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ నల్లజాతిని అతి నీచముగా చిత్రించినది. మరుసటి సంవత్సరమే లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ ఏర్పడి నల్లవారే కర్తలుగా చిత్రములను నిర్మింప నారంభించెను. తెల్లవారి సరసన కూర్చుండుటకు వీలులేని ఆ కాలమున నల్లవారికి ప్రత్యేకించిన థియేటర్లుండెడివి. వాని కొరకై తయారైన చిత్రములకు ‘రేస్ ఫిల్ములు’ అని పేరు. వీరిలో అగ్రగణ్యుడు ఆస్కార్ మిషో. ఆయన దక్షిణ డకోటాలో సేద్యము చేసి, తన నవలలను తానే ఇంటింటికి తిరిగి విక్రయించి, 1919లో చిత్రరంగమున ప్రవేశించెను. 1948 వరకు సుమారు 40 చిత్రములు తీసెను. 1920 నాటి ‘వితిన్ అవర్ గేట్స్’ లో మూకలు నల్లవారిని చంపుట, పాఠశాలకు చందాలు కూడబెట్టుట, తెల్లదొరలకు తలయొగ్గు మతబోధకుని ఆత్మవంచన, ప్రేమకథ ఒక్కచోటనే కలవు. ఆ పరంపరలోనే హెర్బ్ జెఫ్రీస్ కౌబాయిగా నటించిన ‘ది బ్రాంజ్ బకరూ’ (1939), భయానకమైన ‘సన్ ఆఫ్ ఇంగాగి’ (1940), స్పెన్సర్ విలియమ్స్ తీసిన భక్తిచిత్రము ‘ది బ్లడ్ ఆఫ్ జీసస్’ (1941) వెలువడినవి.

వీనిలో పేలవమైనవి చాల కలవు. కౌబాయి చిత్రములు హాలీవుడ్ వానికి నకళ్లే. అయినను ఒకే పేటలోని జనము వారము వారము వచ్చు థియేటరునకు ఒకే కథ చాలదు కదా! నిర్మాతకు ఆ జనము ఎదుటనే యుండిరి. ఇట్లనుటచే వర్ణభేదమును మేము కొనియాడుచున్నామని ఎవరును తలంపకుందురు గాక. ప్రేక్షకునికిని నిర్మాతకును నడుమ మూడవవాడు లేకుండుట ఎట్టి ఫలమిచ్చినదో చూపుటయే మా ఉద్దేశము.

ఈ మూడవవాడు 1971 తరువాత స్పష్టముగా కానవచ్చును. ఆ యేట మెల్విన్ వాన్ పీబుల్స్ స్వయముగా ధనము సమకూర్చుకొని తీసిన ‘స్వీట్ స్వీట్‌బ్యాక్’ తొలుత డెట్రాయిట్, అట్లాంటా నగరములలో ఒక్కొక్క థియేటరునందు మాత్రమే విడుదలై, పిమ్మట అపారధనము నార్జించెను. గార్డన్ పార్క్స్ తీసిన ‘షాఫ్ట్’ కూడ ఆ సంవత్సరమే వచ్చినది, ఇక్కట్లలోనున్న ఎం.జి.ఎం. సంస్థకు అది ఊపిరి పోసెను. ఇంకేమి, 1972లో ‘సూపర్ ఫ్లై’, 1973లో ‘కాఫీ’, 1974లో ‘ఫాక్సీ బ్రౌన్’. దుడుకైన నాయకుడు లేక నాయిక, నగరవీథులు, తుపాకి, సంగీతము: ఈ సామగ్రితో చిత్రములు వరుస కట్టినవి. 1972లో ఎన్.ఎ.ఎ.సి.పి. నాయకులలో ఒకరైన జూనియస్ గ్రిఫిన్ వీనికి ‘బ్లాక్స్‌ప్లాయిటేషన్’ అను నిందానామము నొసంగెను. నిరసన ఉచితమే. కాని నిరసించిన చిత్రములు తగ్గిన పిదప వాని స్థానమున మరియొక తీరు చిత్రములు రాలేదు. నల్లజాతి ప్రేక్షకులు ‘ది గాడ్‌ఫాదర్’, ‘ది ఎగ్జార్సిస్ట్’ వంటి చిత్రములకును విరివిగా వచ్చుట గమనించి, వారికై వేరుగా వ్యయము చేయనక్కరలేదని స్టూడియోలు తలంచినవి. మూస పోయినది, దానితో అవకాశమును పోయినది.

ఈ సందర్భమున ‘గాంజా అండ్ హెస్’ (1973) చరిత్ర పరిశోధక విద్యార్థులు సవిస్తరముగా తెలిసికొనదగినది. 1972 నాటి ‘బ్లాక్యులా’ లాభము తెచ్చుటచే, నిర్మాతలు నల్లజాతి రక్తపిశాచకథ నొకదానిని తీయుమని నాటకకర్తయు నటుడునగు బిల్ గన్‌ను కోరిరి. ఆయన వారి ధనముతో రక్తదాహమును వ్యసనమునకు సంకేతముగా గ్రహించి, ఆఫ్రికా స్మృతికిని క్రైస్తవ విశ్వాసమునకును నడుమ నలుగు ఒక పండితుని కథ నల్లెను. కథాగమనము మందము, దృశ్యములు స్వప్నమున వలె ఒకదానినుండి మరియొకదానిలోనికి జారిపోవుచుండును. ఆ చిత్రము కాన్ ఉత్సవమునందు విమర్శకుల వారపు శాఖలో ప్రదర్శితమయ్యెను. స్వదేశమున మాత్రము హక్కుదారులు దానిని ముక్కలు చేసి, తిరిగి కూర్చి, ‘బ్లడ్ కపుల్’ అను పేర చవుకబారు పిశాచచిత్రముగా మార్చిరి. భిన్నమైన కృతి పుట్టలేదా? పుట్టినది. దానిని మూసలోనికి కుదించినవారు ప్రేక్షకులు కారు, కర్తయు కాడు.

1991వ సంవత్సరము ఇట్టిదే మరియొక దృష్టాంతము. జాన్ సింగిల్టన్ ‘బాయ్జ్ ఎన్ ద హుడ్’ సుమారు 60 లక్షల డాలర్ల వ్యయముతో తయారై 5 కోట్లకు పైగా గడించెను. అది ఉత్తమచిత్రమే, తండ్రి బిడ్డను తీర్చిదిద్దు ఘట్టములలో కరుణ సహజముగా పొంగినది. కాని స్టూడియోలు ఆ కరుణను విడిచి తుపాకిని మాత్రము గ్రహించినవి. అనుకరణము లెంత విసుగు పుట్టించినవో గాని, 1996 నాటికే వాని మీద పేరడీ చిత్రమొకటి వచ్చెను. ఆ 1991లోనే జూలీ డాష్ ‘డాటర్స్ ఆఫ్ ద డస్ట్’ వెలువడినది. 1902లో దక్షిణ కరోలినా తీరపు దీవులనుండి ఉత్తరమునకు వలసపోనున్న గల్లా కుటుంబపు స్త్రీల కథ అది. అందు ముఠాలు లేవు, తుపాకుల పోరు లేదు. అమెరికా నల్లజాతి స్త్రీ దర్శకత్వమున ఆ దేశమున సాధారణ థియేటర్లకు వచ్చిన మొదటి కథాచిత్రమది. సింగిల్టన్‌కు ఉత్తమ దర్శకుని ఆస్కారునకు నామనిర్దేశము కలిగినది. డాష్ కృషి తదుపరి అధికభాగము టెలివిజన్‌కు మరలినది.

వస్తువు మారిననే వైవిధ్యమని భావించుట కూడ పొరపాటు. పూర్వులు వాడిన వస్తువే రసయోగముచే నవ్యత నొందునని ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకము’న ప్రతిపాదించెను గదా. చార్లెస్ బర్నెట్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా పది వేల డాలర్లకు లోపు వ్యయముతో తీసిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’ (1977) లోనిది లాస్ ఏంజిలస్ వాట్స్ ప్రాంతమే, పేదరికమే. కాని కబేళాలో పనిచేయు ఆ గృహస్థుని అలసట, భార్యతో మందముగా చేసిన నాట్యము, ఇద్దరు స్నేహితులు కష్టపడి కొనితెచ్చిన కారు ఇంజను బండి నుండి క్రిందపడి పాడగుట – ఇట్టి చిన్న విషయములతోనే ఆయన సంవిధానమును సాధించెను. సంగీతపు హక్కులు లేమిచే ఆ చిత్రము సాధారణ ప్రదర్శనకు 2007లో గాని రాలేదు.

విమర్శకుల దోషమును కూడ చెప్పవలెను. 2005లో ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్ బ్లాక్ వుమన్’తో వెండితెర కెక్కిన టైలర్ పెర్రీ మెడియా పాత్రను పలువురు పండితులు ఈసడించిరి, 2009లో స్పైక్ లీ బహిరంగముగా నిందించెను. మాకును ఆ హాస్యము మోటుగానే తోచినది. అయినను చర్చికి పోవు నడివయస్సు స్త్రీలను ప్రేక్షకులుగా గౌరవించినవారు అంతకుముందు హాలీవుడ్‌లో అరుదు. ఒక్క పెర్రీ చిత్రము జాతి యంతటికి ప్రతినిధిగా నిలువవలెనని కోరుటయే అన్యాయము. తెల్లజాతి హాస్యగాని కెవరును ఇట్టి భారము మోపరు. ప్రతికృతియు జాతిగౌరవమునకు సాక్ష్యము చెప్పవలసివచ్చినపుడు కర్త సాహసింపజాలడు. పెర్సివల్ ఎవరెట్ 2001లో ‘ఎరేజర్’ నవలయందు ఈ సంకటమునే పరిహసించెను. అది 2023లో ‘అమెరికన్ ఫిక్షన్’గా చిత్రరూపము దాల్చినది.

ఇటీవల ‘మూన్‌లైట్’ (2016), ‘గెట్ అవుట్’ (2017) వంటివి దారి వెడల్పు చేసినవనుట నిజము. అయినను మేము చిత్రముల సంఖ్యకంటె ఒప్పందపత్రములను చూచుటయే మేలని తలంచుచున్నాము. 1932 నాటి మిసిసిపీలో బ్లూస్ సంగీతమును రక్తపిశాచములను జతపరచి ర్యాన్ కూగ్లర్ తీసిన ‘సిన్నర్స్’ 2025లో విడుదలైనది. 25 సంవత్సరముల పిమ్మట చిత్రముపై యాజమాన్యము తనకు తిరిగి సంక్రమించునట్లు ఆయన స్టూడియోతో ఒడంబడిక చేసికొనెను. బిల్ గన్‌కు అట్టి పత్రము లేదు. ఆయన 1989లో మరణించెను. ఆయన కూర్చిన రూపమున ‘గాంజా అండ్ హెస్’ విస్తృతముగా వెలువడినది ఆ పిమ్మటనే.