నాలుగు మీటలు, వంద మీటర్లు

వస్తువు వేరు, రూపం వేరు అని ఇప్పటికీ వాదించే మిత్రులకు నేనీ మధ్య ఒక కంప్యూటర్ ఆటను చూపిస్తున్నాను. బ్రౌజర్‌లో తెరిచి ఆడే ఆట. పేరు ‘క్వాప్’. 2008లో దీన్ని తయారుచేసింది తత్వశాస్త్రం చదివిన ఆస్ట్రేలియన్, బెన్నెట్ ఫాడీ. సాహిత్య పత్రికలో ఆటల గొడవేమిటని విసుక్కునేవారు కాస్త ఓపిక పట్టాలి.

ఇందులో చేయవలసింది ఒక్కటే: ఒలింపిక్స్‌లో వంద మీటర్లు పరుగెత్తడం. మీటలు నాలుగే. క్యూ, డబ్ల్యూ తొడలను కదుపుతాయి. ఓ, పీ పిక్కలను. మొదటిసారి నా పరుగువీరుడు రెండు మీటర్లు పోకముందే వెల్లకిలా పడ్డాడు. రెండోసారి వెనక్కి నడిచి పడ్డాడు. ఆట దాన్నీ లెక్కగట్టి ఋణ సంఖ్యలో చూపించింది. తొడ లేపితే నడుము ఒరుగుతుంది. నడుము నిలిపితే మోకాలు మడత పడుతుంది. ఎలాగో యాభై మీటర్లు చేరిన వాడికి దారికడ్డంగా హర్డిల్ ఒకటి! వంద మీటర్ల పరుగులో హర్డిల్ ఏమిటని అడిగే నాథుడు లేడు.

అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. నవ్వు తగ్గాక ఆట మొదట్లో కనిపించే నాలుగు మాటలు గుర్తొచ్చాయి. ఇతను ఒక చిన్న దేశం ఆ పందానికి పంపిన ఏకైక ప్రతినిధి. శిక్షణకు చాలినంత డబ్బు లేకపోయింది. అంతే, ఇంకో మాట లేదు. మన కథకులైతే ఈ లేమిని పాత్ర నోట రెండు పేజీల ఉపన్యాసంగా పలికిస్తారు. ఇక్కడ అది నేరుగా ఆడేవాడి వేళ్లలోకి దిగుతుంది. రూపమే వస్తువైన చోటు ఇది.

ఇది కేవలం కల్పన కాదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈక్వటోరియల్ గినీ ఈతగాడు ఎరిక్ మూసాంబానీ వంద మీటర్ల ఫ్రీస్టైల్‌ను 1 నిమిషం 52.72 సెకన్లలో ముగించాడు. తోటి ఇద్దరూ ముందే దూకి అనర్హులయ్యారు గనుక ఒంటరిగా ఈదాడు. ఈత మొదలుపెట్టి ఏడాదైనా కాలేదు. సాధన చేసింది హోటల్ కొలనులో. యాభై మీటర్ల కొలను అంతకుముందు చూసెరుగడు. జనం చప్పట్లు కొట్టారు, పత్రికలు ‘ఈల్’ అని ముద్దుపేరు పెట్టాయి. కొలను ఎందుకు లేదన్న ప్రశ్న ఆ ముద్దులో మునిగిపోయింది.

ఫాడీతో నా పేచీ కూడా ఇదే. పది సార్లు పడ్డాక ఆడేవాడు డబ్బు సంగతి మరిచిపోతాడు. లోపం తన వేళ్లదే అనుకుంటాడు. వ్యవస్థ చేసిన పాపం వ్యక్తి చేతకానితనంగా మారిపోతుంది. ఆట అందుకు అడ్డు చెప్పదు.

అయితే మా యువమిత్రుడొకడు అన్నట్టు ఇది అశక్త దేహాన్ని వెక్కిరించడమే అంటే ఒప్పుకోను. గమ్యం చేరినవాళ్లలో చాలామంది పరుగెత్తి చేరలేదు. ఒక మోకాలు నేలకానించి, రెండో కాలితో నెట్టుకుంటూ, వంద మీటర్లూ డేకి చేరారు. ఆట దాన్ని తప్పు పట్టదు, పరుగుగానే లెక్కిస్తుంది. ఆ డేకుడు చూస్తున్నప్పుడు మా మిత్రుడు కూడా నవ్వలేదు.

నా రికార్డు ముప్పై రెండు మీటర్లు. అదీ మోకాలి మీదే. హర్డిల్‌ను నా ఆటలో ఇంకా చూడనే లేదు.